అరుంధతిని చూపే చుక్క

పెళ్లి పీటల మీంచి లేచిన వధూవరులను పురోహితుడు మండపం బయటికి తీసుకొచ్చి ఆకాశం వైపు చెయ్యి చూపిస్తాడు. ముహూర్తం పొద్దున పదకొండుకైతే నెత్తిమీద సూర్యుడు తప్ప ఏమీ కనపడదు. అయినా పెళ్లికొడుకు కనిపించిందని తలూపుతాడు, పెళ్లికూతురు నవ్వు ఆపుకుంటుంది, ఫొటోగ్రాఫర్ "ఇంకోసారి చూపించండి సార్" అంటాడు. తెలుగు పెళ్లిళ్లలో అరుంధతీ దర్శనం చాలావరకు ఇలాగే జరిగిపోతుంది. రాత్రి ముహూర్తమై, నెల వైశాఖమో జ్యేష్ఠమో అయి, ఊరి దీపాలు కాస్త దయతలిస్తే మాత్రం అసలు పని మొదలవుతుంది. అప్పుడు సప్తర్షి మండలం ఎత్తులో ఉంటుంది. దాని తోకలో నడిమి చుక్క వసిష్ఠుణ్ణి ఎవరైనా పట్టుకోగలరు. అరుంధతి ఆ పక్కనే, 12 ఆర్క్ నిమిషాల ఎడంలో, అంటే చందమామ వెడల్పులో సగం కూడా లేని దూరంలో ఉంటుంది. వెలుగులో వసిష్ఠుడికి సుమారు ఆరో వంతు. అందుకే చూపేవాడు ముందు పెద్ద చుక్కనే చూపించి, అక్కణ్ణుంచి చూపును పక్కకి జరపమంటాడు.

ఈ పద్ధతి శంకరాచార్యుల చేతిలో తర్కానికి పనిముట్టయింది. బ్రహ్మసూత్ర భాష్యం మొదటి పాదంలో, ఎనిమిదో సూత్రం దగ్గర, సాంఖ్యుడి తరఫున ఒక వాదం లేస్తుంది. ఛాందోగ్యోపనిషత్తు 'సత్తు' అంటున్నది అచేతనమైన ప్రధానాన్నే, అంటే మూలప్రకృతినే, ఎందుకు కాకూడదు? అరుంధతిని చూపేవాడు ముందు పెద్ద చుక్కనే అరుంధతి అన్నట్టు, ఉపనిషత్తు కూడా ముందు స్థూలమైనదాన్ని ఆత్మ అని పట్టించి ఉండొచ్చు కదా? శంకరుల జవాబు సూటిగా ఉంటుంది. అలా చూపించేవాడు ఆ తర్వాత మొదటి చుక్కను కొట్టెయ్యాలి. కొట్టివేసిన మాట ఉపనిషత్తులో ఎక్కడా లేదు కాబట్టి అక్కడ చెప్పింది ప్రధానం గురించి కాదు. ఇక్కడ దారి చూపే చుక్కకు ఒక షరతు పడింది: పని అయ్యాక అది తప్పుకోవాలి.

రాత్రిపూట నెబ్యులాల ఫొటోలు తీసే ఔత్సాహికుడికి ఈ షరతు వింతగా తోస్తుంది. అతడి టెలిస్కోప్ వీపు మీద ఇంకో చిన్న టెలిస్కోప్ ఉంటుంది, దాని వెనక ఒక చిన్న కెమెరా. వాటి పేర్లు గైడ్‌స్కోప్, గైడ్ కెమెరా. అవి అసలు వస్తువును చూడవు. దగ్గర్లో ఉన్న ఏదో ఒక చుక్కను పట్టుకుని, అది జరిగిన ప్రతిసారీ టెలిస్కోప్‌ను మోసి తిప్పే మౌంటుకు చెబుతాయి. ఆ చుక్కను వదిలేస్తే ఫొటో పాడవుతుంది. ఐదు నిమిషాల ఎక్స్‌పోజర్ అయితే ఐదు నిమిషాలూ, రాత్రంతా అయితే రాత్రంతా పట్టుకునే ఉండాలి. అద్వైతి కొట్టేయమన్న చుక్కను ఇతడు వదలకూడదు. ఈ రెండిట్లో దారి చూపడమంటే ఏది? చూపేదాని మాట ఎంతవరకు నమ్మొచ్చు? ఏ గైడ్‌స్కోప్ కొనాలి, ఏ కెమెరా తగిలించాలి అని లెక్కలు వేసుకునే మనిషి, తెలిసో తెలియకో, మన దార్శనికులు చాలాకాలం కొట్లాడుకున్న ఈ ప్రశ్నల మధ్యకే వెళ్తాడు.

వసిష్ఠుడూ అరుంధతీ ఫొటోగ్రఫీ చరిత్రలోకి ముందే వచ్చారు. 1857లో అమెరికాలోని హార్వర్డ్ అబ్జర్వేటరీలో జార్జ్ బాండ్ తడి కొలోడియన్ పూసిన గాజు పలక మీద వసిష్ఠుణ్ణి పట్టాడు. ఫొటోలో పడిన మొట్టమొదటి జంట నక్షత్రం అదే. పక్కన అరుంధతి కూడా పడింది. అదే టెలిస్కోప్‌తో 1850లో అభిజిత్తును, అంటే వేగాను, పలక మీదికి దించారు గానీ అప్పట్లో టెలిస్కోప్‌ను ఆకాశంతో పాటు తిప్పే గడియారపు యంత్రం కుదుపులతో నడిచేది. యంత్రం మెరుగుపడ్డాకే మసక చుక్కలకు చోటు దొరికింది.

మసకగా ఉన్నది కనపడాలంటే వెలుతురును కూడబెట్టాలి. కూడబెట్టినంతసేపూ ఆకాశం కదులుతూనే ఉంటుంది. భూమి 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లకు ఒక చుట్టు తిరుగుతుంది కాబట్టి చుక్కలు సెకనుకు సుమారు 15 ఆర్క్ సెకన్లు జరుగుతాయి. డిగ్రీని 3600 ముక్కలు చేస్తే ఒక ముక్క ఆర్క్ సెకను. మౌంటు ఆ వేగంతోనే ఎదురు తిరుగుతుంది. అయితే ఔత్సాహికుల మౌంట్లలో ఉండే వార్మ్ గేరు అంత నునుపుగా ఏం ఉండదు. ఒక్కో చుట్టుకు ఎనిమిది నిమిషాలో పది నిమిషాలో పట్టే ఆ గేరు, ఆ చుట్టులో అటు పదీ ఇటు పదీ ఆర్క్ సెకన్లు ఊగుతుంది. కొన్ని మౌంట్లలో అంతకు రెట్టింపు. ఫొటో తీసే కెమెరాలో ఒక్కో పిక్సెల్ ఆకాశంలో ఒకటిన్నర ఆర్క్ సెకన్లే ఆక్రమిస్తుందనుకుంటే, ఆ ఊగిసలాటలో చుక్క గీత అయిపోతుంది.

ఈ ఊగిసలాటను పూర్వం మనుషులే దిద్దేవారు. ఎడ్వర్డ్ ఎమర్సన్ బర్నార్డ్ కథ దీనికి మేలైన ఉదాహరణ. టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌లో నిరుపేద ఇంట పుట్టిన ఈ పిల్లవాడు తొమ్మిదేళ్ల వయసులో ఒక ఫొటో స్టూడియోలో పనికి కుదిరాడు. ఎండతో ఫొటోలు పెద్దవి చేసే భారీ యంత్రం ఒకటి మేడ మీద ఉండేది. సూర్యుడు కదిలేకొద్దీ చక్రాలు తిప్పుతూ దాన్ని సూర్యుడి వైపే ఉంచడం అతడి ఉద్యోగం. ముందు పెట్టుకున్న కుర్రాళ్లు నిద్రపోయేవారని చెబుతారు. ఇతడు నిద్రపోలేదు. పెద్దయ్యాక 1889లో కాలిఫోర్నియాలోని లిక్ అబ్జర్వేటరీలో, ఒక పాత పోర్ట్రెయిట్ లెన్సును టెలిస్కోప్‌కు కట్టి, గైడ్ టెలిస్కోప్‌లో ఒక చుక్కను గంటల తరబడి కంటితో అదిమిపట్టుకుని, పాలపుంత మేఘాలను మొదటిసారి స్పష్టంగా ఫొటో తీశాడు. చేసింది చిన్ననాటి పనే. సూర్యుడి స్థానంలో చుక్క వచ్చింది, అంతే.

మిల్టన్ హ్యూమసన్ ఇంకో అడుగు ముందుకు వెళ్లాడు. మౌంట్ విల్సన్ కొండ మీదికి కంచరగాడిదల మీద సామాను తోలినవాడు, తర్వాత అక్కడే ఊడ్చే పనికి చేరినవాడు, చివరికి నూరంగుళాల టెలిస్కోప్ దగ్గర కూర్చున్నాడు. ఎన్‌జీసీ 7619 అనే గెలాక్సీ వర్ణపటం కోసం అతడు తీసిన రెండు పలకల ఎక్స్‌పోజర్లు 33 గంటలు, 45 గంటలు. అంటే రాత్రి వెంట రాత్రి అదే పలక, అదే మసక మచ్చ, కంటి ముందు అదే సన్నని చీలిక. 1929లో ప్రచురించిన ఆ కొలత విశ్వం విస్తరిస్తోందన్న వాదానికి గట్టి ఊతమైంది. దీన్ని తపస్సు అనాలని ఎవరికైనా అనిపిస్తుంది, అలా అంటే హ్యూమసన్ నవ్వేవాడేమో. ఏకాగ్రత మోక్షానికే పనికొస్తుందని ఎవరూ రాసిపెట్టలేదు మరి.

హైదరాబాదుకు కూడా ఈ పనిలో వాటా ఉంది. 1887లో పారిస్‌లో మొదలైన ఆకాశ పటం పథకంలో ప్రపంచంలోని అబ్జర్వేటరీలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకున్నాయి. ఫొటో తీసే టెలిస్కోప్‌కు జోడుగా, కంటితో చూసి దిద్దడానికి ఇంకో టెలిస్కోప్ ఒకే మౌంటు మీద ఉండటం ఆ పథకం పద్ధతి. నవాబ్ జఫర్ జంగ్ 1901లో స్థాపించిన నిజామియా అబ్జర్వేటరీ ఎనిమిది అంగుళాల ఆస్ట్రోగ్రాఫ్‌తో దక్షిణాకాశంలో మైనస్ 17 నుంచి మైనస్ 23 డిగ్రీల పట్టీని తీసుకుంది. తర్వాత ఉత్తరాన మరో పట్టీ పూర్తిచేసింది. లక్షల నక్షత్రాల స్థానాలు 12 సంపుటాలుగా అచ్చయ్యాయి. బేగంపేట చీకట్లో ఒక చుక్కను అడ్డగీతల మీద నిలబెట్టి కూర్చున్న ఆ సహాయకుల పేర్లు మనలో ఎందరికి తెలుసు?

ఇప్పుడు ఆ కూర్చునే పనిని అగ్గిపెట్టెలో పట్టే కెమెరా చేస్తోంది. కొనబోయేవాడికి మొదట కలిగే ఆశ్చర్యం, దారి చూపేది ఎంత చిన్నదైనా సరిపోతుందని. ఒక మామూలు జోడీ తీసుకోవచ్చు. ఫొటో తీసేది 80 మిల్లీమీటర్ల రిఫ్రాక్టరు, ఫోకల్ దూరం 480 మిల్లీమీటర్లు, కెమెరా పిక్సెల్ 3.76 మైక్రాన్లు. పిక్సెల్ సైజును ఫోకల్ దూరంతో భాగించి 206 పెట్టి గుణిస్తే పిక్సెల్‌కు 1.6 ఆర్క్ సెకన్లు వస్తుంది. గైడ్‌స్కోప్ 30 మిల్లీమీటర్ల గాజు, 120 మిల్లీమీటర్ల ఫోకల్ దూరం, వెనక 3.75 మైక్రాన్ల పిక్సెళ్ల నలుపు-తెలుపు కెమెరా. ఇదే లెక్కన పిక్సెల్‌కు దాదాపు ఆరున్నర ఆర్క్ సెకన్లు. దారి చూపేవాడి చూపు నడిచేవాడి చూపుకంటే నాలుగింతలు మొద్దు! అయినా పని జరుగుతుంది. చుక్క వెలుగు అనేక పిక్సెళ్ల మీద పరుచుకుంటుంది కాబట్టి, ఆ వెలుగు కేంద్రాన్ని లెక్కగట్టే సాఫ్ట్‌వేర్ ఒక పిక్సెల్‌లో పదో వంతు కదలికను కూడా పసిగడుతుంది. అందుకే గైడ్ ఫోకల్ దూరం అసలుదానిలో మూడో వంతో నాలుగో వంతో ఉంటే చాలని అనుభవజ్ఞులంటారు.

కెమెరా నలుపు-తెలుపుదైతే మంచిది, రంగు వడపోతలు వెలుతురు తినేస్తాయి. చల్లబరిచే ఏర్పాటు అక్కర్లేదు. కోట్ల పిక్సెళ్లు అసలే వద్దు.

చుక్క ఎంపికలో ఇంకా సరదా ఉంది. అన్నిటికంటే మెరిసే చుక్క మంచి గైడ్ కాదు. వెలుగు మితిమీరితే పిక్సెళ్లు నిండిపోయి చుక్క నడినెత్తి చదునైపోతుంది, కేంద్రం ఎక్కడో తేలదు. పీహెచ్‌డీ2 లాంటి గైడింగ్ ప్రోగ్రాములు తమంతట తాము చుక్కను ఎంచుకునేటప్పుడు అలాంటివాటిని పక్కనపెడతాయి. ప్రభ చూసి గురువును ఎంచుకునే అలవాటున్న మన సమాజానికి ఈ ఒక్క నియమం పంపితే బాగుండును.

ఇక అసలు చిక్కు. కంప్యూటరు తెర మీద గైడింగ్ గ్రాఫు సాఫీగా సాగుతుంది, తప్పు సగటు ముప్పాతిక ఆర్క్ సెకను కూడా లేదంటుంది. ఎక్స్‌పోజర్ అయ్యాక ఫొటో తెరిస్తే చుక్కలన్నీ కోడిగుడ్లు! గైడ్ అబద్ధం చెప్పిందా? చెప్పలేదు. అది తన చుక్కను నిజంగానే కదలకుండా ఉంచింది. కాకపోతే గైడ్‌స్కోప్ ఒక వైపు, అసలు టెలిస్కోప్ ఇంకో వైపు రవ్వంత వంగాయి. 120 మిల్లీమీటర్ల గైడ్‌స్కోప్‌లో కెమెరా ఒక్క మైక్రాను, అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు పక్కకి జారితే, ఆకాశంలో 1.7 ఆర్క్ సెకన్ల తప్పు. పై లెక్కలో అసలు కెమెరాకు ఒక పిక్సెల్ పైమాటే. వదులుగా ఉన్న ఒక స్క్రూ, వేలాడే కేబులు బరువు, మూడు మరల మధ్య బిగించిన రింగు, వీటిలో ఏదైనా ఆ మైక్రాను ఇచ్చేస్తుంది. దీన్ని ఫ్లెక్షర్ అంటారు.

మీమాంసకులూ నైయాయికులూ వాదించుకున్నది సరిగ్గా ఇలాంటి స్థితి గురించే. ఒక జ్ఞానం సరైనదని ఎలా తెలుస్తుంది? కుమారిల భట్టు పక్షం ప్రకారం ప్రామాణ్యం జ్ఞానంతోనే వస్తుంది. పుట్టిన ప్రతి జ్ఞానాన్నీ ముందు నమ్మాలి. దాన్ని కొట్టేసే ఇంకో జ్ఞానం ఎదురైనా, అది పుట్టిన సాధనంలో దోషం బయటపడినా అప్పుడు వదిలెయ్యాలి. నైయాయికుడు ఒప్పుకోడు. జ్ఞానం సరైనదని బయటినుంచే తేలాలంటాడు. వాత్స్యాయనుడి న్యాయభాష్యం మొదలయ్యేదే ఈ మాటతో: ప్రమాణాన్ని నమ్మి పనిలోకి దిగితే ఆ పని ఫలిస్తుంది, ఫలించడం వల్లే ప్రమాణం ప్రమాణమని తెలుస్తుంది. నీళ్లనుకుని వెళ్లినవాడికి దాహం తీరితే అవి నీళ్లే. తెలుగువారు సంస్కృతం చదువుకునేటప్పుడు తరతరాలుగా తర్కంలో తొలి పాఠంగా వల్లెవేసిన తర్కసంగ్రహానికి అన్నంభట్టు తానే రాసుకున్న దీపిక వ్యాఖ్యలోనూ ఈ తగువు ఉంది.

ఫొటో తీసేవాళ్లు రెండు పక్షాల్లోనూ కనిపిస్తారు. గ్రాఫు బాగుంటే నిద్రపోయేవాడు మీమాంసకుడు. పొద్దున్నే ఫొటోలు చూసి, గుడ్లు కనిపిస్తే రింగు స్క్రూలు తడుముతాడు. వదులు స్క్రూ దొరికితే అదే సాధనంలో దోషం. మొదటి ఎక్స్‌పోజర్ దిగగానే నాలుగు మూలలూ పెద్దవి చేసి చూసేవాడు నైయాయికుడు. ఈ విషయంలో మీమాంస కన్నా న్యాయం వైపే మొగ్గాలి. దానికి కారణం గైడ్ కెమెరా చెప్పే మాట స్వభావంలోనే ఉంది. ఆప్తుడంటే విషయాన్ని స్వయంగా ఎరిగి ఉన్నదున్నట్టు చెప్పేవాడు. గైడ్ కెమెరా తన చుక్క విషయంలో ఆప్తుడే. అసలు కెమెరాలో ఏం పడుతోందో అది చూడనే లేదు. చూడని సంగతిలో దాని మాటను సాక్ష్యంగా తీసుకోవడం వినేవాడి పొరపాటు.

ఈ చిక్కుకు ఒక పాత పరిష్కారం ఉంది. గైడ్‌కు వేరే కన్ను ఇవ్వకుండా అసలు టెలిస్కోప్ వెలుగులోంచే కాస్త తీసివ్వడం. ఆఫ్ యాక్సిస్ గైడర్ అనే ఈ పరికరంలో ఒక చిన్న పట్టకం, అసలు కెమెరా వాడుకోని అంచు వెలుగును పక్కకి మళ్లిస్తుంది. టెలిస్కోప్ ఎటు వంగినా రెండిటికీ ఒకేలా వంగుతుంది. ష్మిట్ కాసెగ్రెయిన్ లాంటి అద్దపు టెలిస్కోప్‌లలో ఇది దాదాపు తప్పనిసరి. వాటిలో లోపలి పెద్ద అద్దమే టెలిస్కోప్ వాలు మారినప్పుడు రవ్వంత ఒరుగుతుంది, బయట కూర్చున్న గైడ్‌స్కోప్‌కు ఆ ఒరుగుడు ఎప్పటికీ కనపడదు. వెయ్యి మిల్లీమీటర్లు దాటిన ఫోకల్ దూరానికి చాలామంది దీనికే మారతారు. మూల్యం కూడా ఉంది. అంచున దొరికే ఆకాశం చిన్నది, చుక్కలు తక్కువ, ఉన్నవీ మసక, వాటి ఆకారమూ వంకర. అందుకని ఇక్కడ కెమెరా మరింత సున్నితంగా, సెన్సర్ కొంచెం పెద్దదిగా ఉండాలి. బయటి గైడ్‌కు చౌక కెమెరా సరిపోతుంది, లోపలి గైడ్‌కు సరిపోదు. అంతర్యామి అనే మాట ఇక్కడ నాలిక చివరికి వచ్చేస్తుంది గానీ, పట్టకానికి అంత పెద్ద పేరు పెట్టడం అన్యాయం.

దిద్దుబాటు ఎంత తరచుగా చెయ్యాలన్నది ఇంకో సంగతి. గాలి పొరల్లో చుక్క ప్రతి క్షణమూ వణుకుతుంది. మామూలు రాత్రుల్లో ఆ వణుకు రెండు మూడు ఆర్క్ సెకన్ల మసకగా కనపడుతుంది. గైడ్ కెమెరాకు అర సెకను ఎక్స్‌పోజర్ ఇచ్చి, ప్రతి వణుకుకూ మౌంటును కదిలిస్తే, లేని తప్పును దిద్దబోయి ఉన్న నిశ్చలతను పోగొట్టుకున్నట్టు. రెండు మూడు సెకన్లు ఆగితే వణుకు సగటై, గేరు చేసిన అసలు తప్పు మిగులుతుంది. దాన్ని కూడా పూర్తిగా కాకుండా ముప్పాతిక వంతు దిద్దమంటారు. అయితే కొత్తగా వచ్చిన స్ట్రెయిన్ వేవ్ మౌంట్లలో తప్పు వేగంగా మారిపోతుంది, అక్కడ అంత ఓపిక కుదరదు, సెకనుకో అర సెకనుకో ఒకసారి దిద్దాలి. ఓర్పు ఎంతుండాలో గేరును బట్టి ఉంటుంది.

గైడ్ ఎంత మంచిదైనా దిద్దలేని తప్పు కూడా ఒకటుంది. మౌంటు ఇరుసు ధ్రువం వైపు సరిగ్గా చూడకపోతే, గైడ్ తన చుక్కను ఒక్కచోట నిలబెడుతుంది, మిగతా ఆకాశమంతా ఆ చుక్క చుట్టూ మెల్లగా తిరుగుతుంది. గ్రాఫులో ఏ లోపమూ ఉండదు. పెళ్లిలో అరుంధతితో పాటు చూపించే ధ్రువుడు కూడా కచ్చితంగా ధ్రువం మీద లేడు, అర డిగ్రీకి పైగా పక్కన ఉన్నాడు. కాబట్టి ఇరుసును ధ్రువ నక్షత్రం మీదికి తిప్పేసి ఊరుకుంటే సరిపోదు, ఆ ఎడం లెక్కగట్టాలి.

అసలు గైడే వద్దనేవాళ్లూ ఉన్నారు. హ్యూమసన్ కొలత అచ్చయిన 1929లోనే, ఆగస్టు 3న, మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి నెదర్లాండ్స్‌లోని ఓమెన్‌లో తన కోసం కట్టిన సంస్థను తానే రద్దు చేశారు. దాని పేరు 'ఆర్డర్ ఆఫ్ ది స్టార్', నక్షత్ర సంఘం! ఏ గురువూ ఏ వ్యవస్థా ఎవరినీ సత్యానికి చేర్చలేదన్నది ఆయన వాదం. ఆకాశ ఫొటోల లోకంలో దీనికి సాటి, ఇరుసుల మీద అతి సున్నితమైన ఎన్‌కోడర్లున్న ఖరీదైన మౌంట్లు. అవి తమ కదలికను తామే కొలుచుకుంటాయి, గైడ్‌స్కోప్ లేకుండా నిమిషాల తరబడి నిలుస్తాయి. కానీ ఫొటో మొదలుపెట్టే ముందు, వాటికి ఆకాశంలో ఎన్నో చోట్ల చుక్కలు చూపించి, ఎక్కడ ఎంత వంగుతుందో ఒక నమూనా నేర్పాలి. ఒక్క చుక్కను వదిలించుకోవడానికి ముందుగా పదుల చుక్కలను అడగాల్సి వచ్చింది. కృష్ణమూర్తి గారి మాటకు దీన్ని ఖండనగా ఎవరూ వాడకూడదు, ఆయన మాట్లాడింది గేర్ల గురించి కాదు. గైడ్ లేదనేవాడిని 'మునుపు ఎవరు చూపించారు' అని ఒకసారి అడిగే హక్కు మాత్రం వస్తుంది.

శంకరుల దగ్గర అరుంధతి మళ్లీ కనపడేది పన్నెండో సూత్రం దగ్గర. అన్నమయం నుంచి ఆనందమయం దాకా ఒక్కో కోశాన్నీ చూపించుకుంటూ వెళ్లిన తైత్తిరీయంలో, చివర చూపించినదే అసలైన అరుంధతి అయినట్టు, ఆనందమయమే బ్రహ్మం అని ఒక వ్యాఖ్యానం. శంకరులు దాన్ని వివరించి, తర్వాత తన సొంత అభిప్రాయంగా దాన్ని కూడా దాటి, ఆనందమయానికి ఆధారంగా చెప్పినదే బ్రహ్మం అంటారు. అరుంధతి విషయంలోనూ చివరిది అనుకున్నది చివరిది కాలేదు. 2009లో ఖగోళజ్ఞులు అరుంధతిని అంటిపెట్టుకుని ఉన్న ఒక ఎర్రని మరుగుజ్జు నక్షత్రాన్ని కనుక్కున్నారు.

మరి నైయాయికుడి పరీక్షకు అంతెక్కడ? గైడ్‌ను ఫొటో పరీక్షిస్తే, ఫొటోను ఏది పరీక్షిస్తుంది? ఈ అనవస్థా దోషాన్ని మీమాంసకులు వాళ్ల మీద మోపనే మోపారు. న్యాయం వైపు జవాబు, అనుమానం రానిచోట పరీక్ష అక్కర్లేదని. అనుమానం వచ్చినచోట దానికి కారణం వెతకాలి, ప్రతి కారణానికీ దాని గుర్తు ఉంటుంది. ఆకాశ ఫొటోలో ఈ గుర్తులు చాలా తేటగా ఉంటాయి. ఫ్రేము అంతటా చుక్కలు ఒకే దిశలో సాగితే గేరో, గాలో, ఫ్లెక్షరో. వాటిలో గ్రాఫు కూడా చెడి ఉంటే మొదటి రెండిట్లో ఏదో ఒకటి, గ్రాఫు బాగుండి చుక్కలు సాగితే ఫ్లెక్షర్. ఒక బిందువు చుట్టూ వలయాల్లా సాగితే ఇరుసు ధ్రువం తప్పింది. ఒక మూల మాత్రమే పాడైతే కెమెరా వాలింది, గైడ్‌ను తిట్టక్కర్లేదు. ఎక్స్‌పోజర్‌ను ఐదు నిమిషాల నుంచి రెండుకు తగ్గించినప్పుడు సాగుడు ఆ నిష్పత్తిలోనే తగ్గితే ఫ్లెక్షర్ అనుమానం బలపడుతుంది. అప్పుడు ఆ రాత్రికి రెండు నిమిషాలతోనే సరిపెట్టుకుని, రింగులు తీసేసి గైడ్‌స్కోప్‌ను గట్టి పట్టీ మీద బిగించే పని మర్నాటికి పెట్టుకోవచ్చు.